పిల్లి జాడ

ఇంట్లో పిల్లి ఉంటే గింజలకు ఎలుకల బెడద తగ్గుతుందని మనకు తెలుసు. అదే పిల్లి, తన జాతే లేని నేల మీద పడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా చరిత్ర చెబుతుంది.

1788లో బ్రిటిష్ వాళ్లు అక్కడి ఆదివాసుల నేల మీద ఓడలు దిగారు. వాళ్లతోపాటు పిల్లులూ వచ్చాయి. సుమారు వందేళ్లలో ఎడారుల దాకా వ్యాపించాయి. పిల్లిని ఎరుగని చిన్న జంతువులు వాటికి తేలిగ్గా దొరికాయి. కొన్ని జాతులు అంతరించాయి. పొడుగు చెవుల బిల్బీ చాలాచోట్ల కనబడకుండా పోయింది.

2015లో ప్రభుత్వం ఐదేళ్లలో 20 లక్షల పిల్లులను చంపాలని లక్ష్యం పెట్టుకుంది. విషపు ఎరలు, తుపాకులు, కంచెలు వాడింది. పడమటి ఎడారిలోని కివిర్‌కురా ఊరి పింటుపి ఆదివాసులు మాత్రం ఎన్నో దశాబ్దాల ముందునుంచే ఇసుకలో జాడపట్టి పిల్లిని వేటాడి తింటున్నారు. అడుగు చూసి అది పాతదో కొత్తదో చెప్పగల ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. ఆ నేలలో బిల్బీ ఇంకా బతికే ఉంది. ఆ విద్యే ఇప్పుడు అక్కడ రేంజర్ల పనికి ఆధారమైంది.

ఇంత దూరపు కథను మేము రాయడానికి కారణం ఒకటే. మన పెద్దలకూ జాడ చదవడం వచ్చు. దాన్ని బడి చదువుగా ఎంచలేదు. వాళ్లు ఉండగానే పిల్లలను వాళ్ల వెంట అడవికి పంపుదాం.