నల్లతేలుకి పేరు, ఎర్రతేలుకి ప్రాణాలు

రాయలసీమ అనగానే అందరికీ బాంబులు గుర్తొస్తాయి, సినిమావాళ్ళ పుణ్యమా అని. మా అనంతపురం జిల్లాలో రాత్రిపూట చేలోకి వెళ్ళేవాడి భయం వేరు. తేలు.

మండ్రగబ్బ తెలుసుగా? నల్లగా, అరచెయ్యంత ఉంటుంది. కుడితే నొప్పి, వాపు. ప్రాణానికి ముప్పు బహు అరుదు. అసలు ప్రమాదం రెండు మూడు అంగుళాల ఎర్రతేలుతో. 1798లోనే ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. దీని విషం నరాల్లో సోడియం వెళ్ళే దారులని సరిగ్గా మూసుకోనివ్వదు. దాంతో అడ్రినలిన్ లాంటివి రక్తంలోకి వరదలా వచ్చిపడతాయి. చెమటలు, వాంతులు, చల్లబడ్డ కాళ్ళూ చేతులూ, ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు. పెద్దలకంటే పిల్లలకి ముప్పు ఎక్కువ.

ఇప్పుడు తేలుమంత్రం సంగతి చూడండి. నల్లతేలు కుట్టినవాడు మంత్రం వేసినా వెయ్యకపోయినా తెల్లారేసరికి లేచి తిరుగుతాడు. క్రెడిట్ మంత్రగాడికి. ఎర్రతేలు కుట్టిన పిల్లాడు పోతే అది వాడి రాత. టెస్టింగ్‌లో పాసైన కేసులే లెక్కేసి రిపోర్టిస్తే మన మేనేజర్ ఊరుకుంటాడా?

డాక్టర్లు కూడా చాలాకాలం తడుముకున్నారు. మహారాష్ట్రలో, మహాడ్ దగ్గర పల్లెల్లో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు రోగుల మంచం పక్కనే రాత్రంతా కూర్చుని బీపీ, నాడి రాసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ చదివారు. తేలుకాటు గుండెని ఎలా దెబ్బ తీస్తోందో 1982లో లాన్సెట్ పత్రికలో రాశారు. రక్తనాళాలు బిగుసుకుపోవడమే మూలమైతే, వాటిని వదులు చేసే మందు ఇస్తే? ఆ మందు అప్పటికే ఉంది: ప్రజోసిన్, మామూలు బీపీ మాత్ర. ఆ ఫలితాలు 1986లో అదే పత్రికలో వచ్చాయి. తీవ్రమైన కేసుల్లో నూటికి 40 దాకా ఉండే మరణాలు 1 దగ్గరికి దిగాయి. 2011లో 70 మంది మీద చేసిన పరీక్షలో ప్రజోసిన్‌తో పాటు విషం విరుగుడు ఇంజెక్షన్ కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకున్నారని తేలింది. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

అంటే మందు దొరికి నలభై ఏళ్ళయింది. మిగిలింది టైముకి ఆస్పత్రి చేరడమే. అలాగని ప్రజోసిన్ ఇంట్లో కొనిపెట్టుకుని వేసేది కాదు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఊర్నుంచి "తేలు కుట్టింది" అని ఫోనొస్తే నల్లదా ఎర్రదా అని ఆరా తీస్తూ కూర్చోకండి. ముందు 108కి చెయ్యమనండి. మంత్రం తీరిగ్గా తర్వాత వేయించుకోవచ్చు.