దాడి లెక్క, రక్షణ లెక్క: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రనుండి

ఫుట్‌బాల్ అనగానే మన శ్రోతలకు మనసున మెదలు ఆట వేరు. 1950 మొదలు 1954 వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు వరుసగా అయిదుసార్లు రోవర్సు కప్పును గెలిచి తెచ్చిన ఆట అది. అమెరికా కళాశాలలలో ఆ పేరుతో పిలువబడునది మరియొకటి. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకనిడుకొని పరుగెత్తుట, చేతితో విసరుట, అడ్డువచ్చినవానిని త్రోసి పడవేయుట అందలి పద్ధతి. మైదానము నూరు గజములు. బంతి గల జట్టునకు నాలుగు ప్రయత్నములుండును. ఆ నాల్గింటిలో పది గజములు ముందునకు సాగినచో దానిని ‘ఫస్ట్ డౌన్’ అందురు. మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి ఎదిరివారిది. ఎదిరివారి చివరి గీత దాటి బంతిని చేర్చుట ‘టచ్‌డౌన్’. 1912 నుండి దానికి ఆరు పాయింట్లు. పిదప బంతిని గోలుకొయ్యల నడుమకు తన్ని పంపినచో ఏడవ పాయింటు.

ఈ ఆటలో ఏ క్షణమున ఎవరు దాడి చేయుచున్నారో, ఎవరు కాచుకొనుచున్నారో తేటతెల్లము. కావుననే లెక్కలు వ్రాయువారికి ఇది కామధేనువైనది. సీజను ముగియగానే పత్రికలు రెండు గడులు గీయును: మన జట్టు చేసిన పాయింట్లెన్ని, ఎదిరులకు ఇచ్చిన పాయింట్లెన్ని. మొదటిది దాడి బలము, రెండవది రక్షణ బలము. ఇంతకంటె సులభమైన తీర్పు మరేమున్నది అనిపించును. జాతీయ విజేత యెవరో నిర్ణయించు పోటీ చాలకాలమువరకు ఆ దేశమున లేదు. వందకు పైబడిన కళాశాలలు ఒకరితో నొకరు తలపడకయే సీజను ముగించెడివి. కావున ‘దేశమున మొదటి జట్టు’ అను కీర్తి ఈ అంకెలను చదువువారి చేతిలోనే ఉండెడిది. ఆ చదువుట ఎంత చిక్కైన పనియో తెలుపు సీజనులు కొన్ని కలవు. వానిలో మేము ముందుగా ఎన్నుకొనునది 1916.

ఆ యేడు అట్లాంటా నగరములోని జార్జియా టెక్ కళాశాలకు జాన్ హైస్మన్ శిక్షకుడు. నేడు ఉత్తమ కళాశాలాటగానికి ఏటేట ఇచ్చు హైస్మన్ ట్రోఫీ ఆయన పేరనే వెలసినది. అక్టోబరు 7వ తేదీన ఆయన జట్టు టెన్నెసీ రాష్ట్రములోని లెబనాన్ పట్టణపు కంబర్లాండ్ కళాశాలతో ఆడవలసియుండెను. కంబర్లాండ్‌వారు ఆ సంవత్సరము ఫుట్‌బాల్ జట్టునే ఎత్తివేసిరి. కాని ఒప్పందము ముందే జరిగియున్నది. రాకున్నచో మూడువేల డాలర్ల జరిమానా. వచ్చినచో అయిదువందల డాలర్ల రుసుము. చేతికందిన విద్యార్థులను కొందరిని పోగుచేసికొని వారు రైలెక్కిరి.

ఫలితము 222 - 0. మొదటి పాదమున 63, విరామమునకు 126, మూడవ పాదమునకు 180. విరామానంతరము ఆటకాలమును కుదించినను సంఖ్య ఇంతవరకు పోయినది. ముప్పదిరెండు టచ్‌డౌన్లు. అదే యేడు వసంతమున బేస్‌బాల్ ఆటలో కంబర్లాండ్ పేర దిగినవారు టెక్ జట్టును 22 - 0గా ఓడించిరనియు, వారిలో కూలికాడు ఆటగాండ్రు కలరనియు హైస్మన్‌కు కోపమని ఒక ప్రతీతి. మొత్తము పాయింట్లను కూడి జట్లకు స్థానములు కట్టు పత్రికలవారి అవివేకమును బయటపెట్టదలచెనని మరియొక ప్రతీతి. రెండవది నిజమైనచో, పాఠము నేర్పుటకు ఆయన ఎన్నుకొన్న పలకలు ఆ పిల్లల వీపులు. మాకది మెచ్చదగిన పనిగా తోచదు.

ఈ ఆటలో ఒక వింత యున్నది. ఫస్ట్ డౌన్ల గడిలో ఇరుపక్షములకును సున్నయే. కంబర్లాండ్‌వారు పది గజములు సాగలేకపోయిరి. టెక్‌వారు తమ నాలుగు ప్రయత్నములు తీరకమునుపే ప్రతిసారియు గీత దాటిపోయిరి, వారికి ఫస్ట్ డౌన్‌తో పనియే లేకపోయెను. ఆ గడి నొక్కదానినే చూచిన మనిషి ఉభయులు సమానులని ఎంచును.

ఇక సీజను మొత్తమును చూతము. ఆ యేడు జార్జియా టెక్ తొమ్మిది ఆటలలో 421 పాయింట్లు చేసి 20 మాత్రమే ఇచ్చినది. ఎనిమిది గెలుపులు, ఒక సమము. దాడి సగటు ఆటకు దాదాపు 47. ఇది భీకరమైన సంఖ్య. కాని అందు సగమునకు మించినది ఒక్క అపరాహ్ణపు పంట. దానిని తీసివేసినచో మిగిలిన ఎనిమిది ఆటలకు 199; సగటు 25కు రవంత తక్కువ. తొమ్మిది ఆటల పాయింట్లను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగా పేర్చినచో 7, 9, 10, 13, 21, 33, 45, 61, 222. నడుమనున్నది 21. ఆ సీజనులో ఒక మామూలు శనివారమున ఆ జట్టు ఏమి చేయగలదో తెలుపునది ఈ 21 గాని 47 కాదు. డేవిడ్సన్‌పై 9, నార్త్ కరోలినాపై 10, వాషింగ్టన్ అండ్ లీ కళాశాలతో 7 - 7 సమము: గట్టివారు ఎదురైనపుడు ఆ దాడి అంతమాత్రమే.

రక్షణ గడి సంగతి చూడుడు. 20 పాయింట్లను తొమ్మిదిచే భాగించిన 2.2; కంబర్లాండ్ ఆటను తీసివేసి ఎనిమిదిచే భాగించిన 2.5. కదిలినదే లేదు! ఒకే ఆట ఒక గడిని తలక్రిందులు చేసి, రెండవదానిని ముట్టుకొనకయే పోయినది. ఏల? దాడికి కప్పు లేదు. ఎంత ఎత్తుకైనను పోవచ్చును. రక్షణకు నేల యున్నది. సున్నకు క్రిందికి ఎవరును పోజాలరు. బలహీనుడు దొరికినపుడు దాడి లెక్క ఉబ్బును, రక్షణ లెక్క ఉబ్బుటకు చోటు లేదు. అట్లని రక్షణ లెక్క సత్యసంధమైనదని మురియుటకును వీలులేదు. అలబామాకు ఇచ్చిన సున్నయు, కంబర్లాండ్‌కు ఇచ్చిన సున్నయు కాగితముపై ఒకే సున్న. దాడి గడి అతిశయోక్తి పలుకును. రక్షణ గడి నోరు మెదపదు.

హైస్మన్ జట్టు నిజముగ గొప్పదే. మరుసటి యేడు, 1917లో, తొమ్మిదికి తొమ్మిది గెలిచి 491 పాయింట్లు చేసి 17 ఇచ్చినది. సమముచేసిన వాషింగ్టన్ అండ్ లీని ఈసారి 63 - 0గా ఓడించినది. 1916 లెక్కలనుండి ఈ గొప్పతనమును ఊహింపవలెనన్నచో 222ను కాక దాని ప్రక్కనున్న చిన్నసంఖ్యలను చూడవలసియుండెను.

ఆ నోరు మెదపని గడిని గూర్చి చెప్పవలెనన్నచో 1939కి రావలెను. టెన్నెసీ విశ్వవిద్యాలయమున రాబర్ట్ నైలాండ్ శిక్షకుడు, మాజీ సైనికోద్యోగి. ఆ యేటి పది ఆటలలో ఆయన జట్టు చేసినవి 212, ఇచ్చినవి సున్న. అక్షరాల సున్న. పది జట్లలో ఒక్కటైనను ఒక్క పాయింటయినను చేయలేదు. పెద్ద కళాశాలలలో ఆ తరువాత ఏ జట్టును పూర్తి సీజను ఇట్లు గడపినది లేదు. అంతకుముందు యేడునుండి లెక్కించిన వరుసగా పదునేడు రెగ్యులర్ సీజను ఆటలలో ఎదిరివారికి సున్నయే మిగిలినది.

అయినను ఆ యేడు అసోసియేటెడ్ ప్రెస్‌వారు పత్రికారచయితల ఓట్లతో కట్టిన పట్టికలో మొదటి స్థానము టెక్సస్ ఎ అండ్ ఎం కళాశాలది, టెన్నెసీ రెండవది. ఇలినాయ్ విశ్వవిద్యాలయపు అర్థశాస్త్రాచార్యుడు ఫ్రాంక్ డికిన్సన్ 1926 నుండి వేరొక లెక్క కట్టుచుండెను. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచిరను ప్రశ్న ఆయనకు లేదు. బలవంతుని గెలిచినచో ఎక్కువ మార్కులు, బలహీనుని గెలిచినచో తక్కువ. బలవంతునిచే ఓడినవానికి గూడ కొన్ని మార్కులు. 222 వంటి సంఖ్యకు ఈ లెక్కలో మూడు కాసుల విలువ లేదు. ఈయన 1939కి మొదటి స్థానమిచ్చినది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు. రెండు ఆటలను సమము చేసికొన్న జట్టునకు! (ఆచార్యుల లెక్కలుగూడ మొగమోటమికి అతీతములు కావు. నోటర్‌డామ్ శిక్షకుడు నూట్ రాక్నీ మాటపై, తన జట్టు మొదటిదగునట్లు, ఆయన 1924కు గూడ వెనుకకు జరిగి లెక్క కట్టెనని అందరెరిగినదే.)

టెన్నెసీ అంకెలను మేము మరల విప్పి చూచితిమి. సెవానీపై 40, సిటడెల్‌పై 34, చాటనూగాపై 28. మూడును చిన్న కళాశాలలు. ఆ మూడు ఆటలలోనే 102 పాయింట్లు, సీజను మొత్తములో దాదాపు సగము. మిగిలిన ఏడింటిలో 110. ఆటకు 16కు లోపు. చివరి ఆటలో ఆబర్న్‌పై కేవలము 7. అనగా ఈ జట్టు ఎదిరిని ముంచెత్తునది కాదు, ఊపిరాడనీయనిది. కాని ఆ ఊపిరాడనీయని గుణము ఎంతటి ఎదిరికి సరిపోవునో పది సున్నలు చెప్పజాలవు. 1940 జనవరి 1వ తేదీన పాసడీనాలో రోజ్ బౌల్ పోటీకి డికిన్సన్ మెచ్చిన దక్షిణ కాలిఫోర్నియాయే ఎదురైనది. టెన్నెసీ ప్రధానాటగాడు జార్జ్ కఫేగో మోకాలి గాయముతో ఆ దినమున సరిగ ఆడలేకపోయెను. రెండవ పాదమున అంబ్రోజ్ షిండ్లర్ గీత దాటెను. చివరి పాదమున మరియొకటి. 14 - 0. వరుసగా ఇరువదిమూడు ఆటలు గెలిచిన జట్టు ఆ సాయంకాలము తన సున్నను తానే మోసికొని ఇంటికి పోయినది.

ఈ అపజయముతో టెన్నెసీ రక్షణ బూటకమని తేలినదందుమా? అది తొందరపాటు. ప్రధానాటగాడు కుంటుచున్న ఒక దినపు ఆట పది ఆటల సాక్ష్యమును కొట్టివేయజాలదు. పైగా దాడి, రక్షణ అని మనము గీయు గీత ఆ దినములలో ఇంత స్పష్టము కాదు. ఒకమారు వెలుపలికి పోయిన ఆటగాడు వెంటనే మరల లోనికి వచ్చుటకు వీలులేని నిబంధనలు గలవు గనుక దాడిచేసిన పదునొకండుగురే కాచుకొనువారును. దాడికి వేరు, రక్షణకు వేరు దళములను దింపుట ద్వితీయ ప్రపంచయుద్ధ కాలమున నిబంధనలు సడలిన పిదప వచ్చినది. 1953లో నిషేధింపబడి, 1960 దశకము నడుమ మరల స్థిరపడినది. దాడిలో ఊపిరి పొదుపుచేసికొన్నవాడు రక్షణలో బలముగ నిలుచును. కావున 1939 నాటి సున్నలో దాడి వాటా ఎంతయో ఏ గడియు చెప్పదు.

గజములు కొలుచుట అప్పటికి క్రొత్తగ వ్యవస్థితమైనది. 1937లో హోమర్ కుక్ అను నాతడు సియాటిల్ నగరమున ఒక గణాంక కార్యాలయము స్థాపించి, దేశమందలి కళాశాలలనుండి వారము వారము లెక్కలు తెప్పింపసాగెను. నేటికిని అధికారిక రికార్డులు ఆ సంవత్సరమునుండియే ఆరంభము. దాడిని పరుగు, విసరు అని విభజించి, ఆటకు ఎన్ని గజములో చూచి స్థానములు కట్టిరి, రక్షణకును అట్లే. పాయింట్లకంటె ఇది సూక్ష్మమైన కొలత. కాని వేగముగ ఆడు జట్టునకు ప్రయత్నములు ఎక్కువ, గజములు ఎక్కువ. దాని ఎదిరికిని అంతే. అట్టి జట్టు రక్షణ నిజమునకంటె బలహీనముగ కానవచ్చును. నిదానముగ ఆడువాని రక్షణ నిజమునకంటె గట్టిగ కానవచ్చును. ఆటకు ఎన్ని గజములని కాక ఒక్కొక్క ప్రయత్నమునకు ఎన్ని అని అడిగినచో ఈ చిక్కు చాలవరకు తీరును.

ఆ 1937 తరువాతి లెక్కలలో దాడికి శిఖరము 1944 నాటి సైనిక అకాడమీ జట్టు. తొమ్మిది ఆటలలో 504 పాయింట్లు. ఆటకు సరిగ్గా 56. ఇచ్చినవి 35. జార్జియా టెక్‌కు పట్టిన పరీక్షయే దీనికిని పట్టుదము: 23, 27, 46, 59, 59, 62, 69, 76, 83. నడిమి సంఖ్య 59, సగటుకంటెను హెచ్చు! ఒక దినపు ఉబ్బు కాదిది, నిత్యబలము. ఐనను యుద్ధకాలమది. అనేక కళాశాలల యువకులు సరిహద్దులకు పోయిరి, కొన్ని కళాశాలలు ఆటనే మానుకొన్నవి. దేశములోని మేటి ఆటగాండ్రు సైనిక, నౌకాదళ అకాడమీలలో చేరిరి. అంత బలమును తనకును గల నౌకాదళ అకాడమీతో ఆడిననాడు ఆ 56 కాస్త 23 అయినది. 23 - 7. ఆ సంవత్సరపు సైనిక జట్టును తూచుటకు మాకు ఒక్క ఆటయే ఇత్తుమన్నచో మేము కోరునది విల్లనోవాపై 83 గాదు, ఈ 23.

నైలాండ్ విషయమై ఒకటి మిగిలినది. ఆయన తరచు నాలుగు ప్రయత్నములు తీరకమునుపే బంతిని ఎత్తి దూరముగ తన్నించెడివాడు. చేతిలోని బంతిని ఏల పరులపాలు చేయవలెనని చూచువారు గొణగెడివారు. తన గీత దగ్గర బంతి నుంచుకొనుటకంటె ఎదిరి గీత దగ్గర వాని చేతనే బంతి నుంచుట మేలని ఆయన నమ్మకము. ఆయన 1962లో మరణించెను. 1971లో వర్జిల్ కార్టర్ అను వృత్తి ఆటగాడును, రాబర్ట్ మకాల్ అను ఆచార్యుడును కలిసి 1969 సీజనులోని వృత్తిజట్ల ఆటలనుండి వేలకొలది ప్రయత్నములను కంప్యూటరున కెక్కించి, మైదానమందు ఏ గజముకడ బంతి యుండిన ఎన్ని పాయింట్ల విలువయో లెక్కకట్టి ప్రచురించిరి. తన గీతకు అతిసమీపమున బంతి గలిగియుండుటకు విలువ సున్నకంటెను తక్కువ అని తేలినది. అట్టిచోట బంతి ఎవరి చేతనున్నదో వారికంటె ఎదిరికే తరువాతి పాయింట్లు వచ్చు అవకాశము హెచ్చు. నేటి విశ్లేషకులు కళాశాలల జట్లను తూచుటకు పట్టికలు కట్టునపుడు, ఎదిరి బలముతోపాటు, ప్రతి దాడియు ఏ గజమునుండి మొదలైనదో వ్రాసికొనుట ఈ మార్గమునందే.