గంజి తాగి దుప్పటి కప్పుకో

ఓరె గుంటలూ, ఇదీ ఒక చలేనా? మన సోంపేటలో పుష్యమాసం చలికే మూలుగుతున్నారు గానీ, ఎనభైల్లో నేను ఓడ మీద కళాసీగా ఉన్నప్పుడు డాలియన్ రేవు చలి చూశాను. చైనాకి ఈశాన్యం వైపు. జనవరిలో డెక్కు కడిగితే చీపురు పక్కన పెట్టేలోపే నీళ్లు గడ్డకట్టేసేవి. రేవులో సముద్రం మాత్రం గడ్డకట్టదు. అందుకే ఆ చలిలోనూ ఓడలు వస్తూనే ఉంటాయి.

మా ఓడ హాంకాంగ్ వాళ్లది. డెక్కు మీదా ఇంజన్లోనూ మనవాళ్లు, వంట చేసే భండారీ మాత్రం చైనా ముసలాయన. షాన్‌డాంగ్ మనిషి. ఏళ్ల తరబడి మనవాళ్లతో తిరిగి ఓడ హిందీ నేర్చేసుకున్నాడు. అందరం మామా అనేవాళ్లం. నాకు జలుబు పట్టి ఒళ్లంతా నొప్పులైతే వేడినీళ్ల కోసం వంటగదిలోకెళ్లాను. మామ నన్ను కుర్చీలో కూలేశాడు. వణుకుందా, వేడిగా ఉందా? చెమట పట్టిందా లేదా? మెడ వెనక పట్టేసిందా? గొంతు మంటా? దాహమా? ఏదీ, నాలుక చాపు.

"జలుబుకి ఇన్ని యక్షప్రశ్నలేటి మామా?" అన్నాను.

జలుబంటే ఒకటేనా అని నామీద లేచాడు. వాళ్ల లెక్కలో చలిగాలి జలుబు వేరు, వేడిగాలి జలుబు వేరు. చలిగాలిదైతే వణుకు ఎక్కువ, జ్వరం తక్కువ. ముక్కు నీళ్లు నీళ్లుగా కారుతుంది, నాలుక మీద పల్చటి తెల్లపూత ఉంటుంది, దాహం వేయదు. వేడిగాలిదైతే గొంతు మండుతుంది, చీమిడి పసుపుపచ్చగా చిక్కబడుతుంది, నీళ్లు తాగాలనిపిస్తుంది. మొదటిదానికి అల్లం. రెండోదానికి అల్లం పోస్తే అగ్నికి ఆజ్యమే. మనం జలుబనగానే శొంఠి దంచేస్తాం చూడండి, అలాగ కాదు వాళ్లది.

నాది మొదటి రకం అని తేల్చాడు. ఉల్లికాడల్లో వేళ్ల దగ్గరుండే తెల్లభాగం, అల్లం, మాగబెట్టిన నల్ల సోయాగింజలు కాసేపు మరిగించి గిన్నె చేతికిచ్చాడు. వాసన సంగతి అడక్కండి. ఉల్లికాడా సోయాగింజల వైద్యం 4వ శతాబ్దంలో గె హోంగ్ అనే ఆయన పుస్తకంలో ఉందట. వైద్యుడు అందుబాటులో లేని పేదవాళ్ల కోసం, చేతికందే సరుకులతో చేసుకునే మందులు పోగేసి రాసిన పుస్తకం అది. చలిజ్వరానికి మాచిపత్రి జాతి మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని కూడా అందులోనే ఉంది. ఆ ముక్క పట్టుకునే తూ యూయూ అనే ఆవిడ మలేరియాకి మందు కనిపెట్టింది, 2015లో నోబెల్ బహుమతి అందుకుంది. మన మన్యంలో మలేరియాకి ఇప్పుడిచ్చే మందుల్లో అదీ ఒకటి.

మామకి అసలు దేవుడు మాత్రం జాంగ్ జోంగ్‌జింగ్. సుమారు 1800 ఏళ్ల కిందట, హాన్ రాజుల చివరికాలం. నాన్‌యాంగ్ ఊరి వైద్యుడు. వాళ్ల వంశంలో 200 మందికి పైగా ఉండేవారు, పదేళ్లు తిరక్కుండానే మూడింట రెండొంతులు పోయారు. పోయినవాళ్లలో పదింట ఏడుగురు చలి సోకి వచ్చిన జ్వరాలకే. ఆ దుఃఖంలో కూర్చుని పుస్తకం రాశాడు. చలి ఒంట్లోకి ఎక్కడ దూరింది, ఎంత లోపలికి పోయింది, ఏ మెట్టులో ఏ మందు అని.

అందులో ఒక కషాయం సంగతి వినండి. దాల్చినచెట్టు లేతకొమ్మలు, తెల్ల పియోనీ వేరు, అల్లం మూడేసి పాళ్లు, అతిమధురం రెండు పాళ్లు, ఎర్ర ఖర్జూరంలాంటి జుజుబి పళ్లు 12. ఏడు కొలతల నీళ్లు పోసి సన్నసెగ మీద మూడు కొలతలు మిగిలేదాకా కాచాలి. ఒక కొలత తాగాలి. ఇక్కడితో అయిపోలేదు. కాసేపాగి వేడివేడి పల్చటి గంజి తాగాలి. దుప్పటి కప్పుకుని రెండు గంటలు పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమ్మగిల్లితే మంచిది, ధారగా కారిపోకూడదు. మొదటి మోతాదుకే తగ్గిందా, మిగిలింది తాగకు అని రాశాడు. మాంసం, సారా, పాలతో చేసినవి వద్దన్నాడు. అమ్మే సరుకు ఆపమని చెప్పే వైద్యుడు నాకు అప్పటికీ కనపళ్లేదు, తరవాతా కనపళ్లేదు.

ఆయన మీద ఒక కట్టుకథ కూడా ఉంది. మంచుకి చెవులు కొరుక్కుపోయిన పేదవాళ్లకి చెవి ఆకారంలో మాంసం కుడుములు చేసి పెట్టాడని, అందుకే శీతాకాలపు అయనాంతం నాడు ఉత్తరాది వాళ్లు కుడుములు తింటారని. కుడుముల్లో మిరపకాయలు కూడా వేశాడంటారు. మిరపకాయ అమెరికా నుంచి వచ్చింది 16వ శతాబ్దంలో కదరా! అది చెప్తే మామ రెండు రోజులు నాతో మాట్లాళ్లేదు.

గొంతుమంట జలుబుకి వేరే వైద్యం. 1798లో వు జుతోంగ్ రాసిన పుస్తకంలో హనీసకిల్ మొగ్గలు, ఫోర్సిథియా కాయలు, పుదీనా వేసిన మందుంది. ఎక్కువసేపు కాయకూడదు, వాసన గుప్పుమనగానే దించేయాలి.

రాకుండా చూసుకోవడమంటారా? మెడ వెనక గాలి తగలనియ్యరు. రాత్రి వేడినీళ్లలో కాళ్లు పెడతారు. తమాషా ఏటంటే, చలికాలం రొంపకి మందు మండుటెండల్లో వేస్తారు. తెల్ల ఆవాలు నూరిన పట్టీ వీపు మీద అంటిస్తారు. బొబ్బలెక్కుతాయి కూడా. నాకైతే అది నచ్చలేదు.

ఒకసారి మామతో ఊళ్లోకి వెళ్లాం, మా సెకండ్ ఇంజనీరుతో సహా. మందుల కొట్లో గోడంతా చిన్న చిన్న సొరుగులే. చేతి త్రాసుతో తూచి కాగితం పొట్లాలు కడుతున్నాడొక పెద్దాయన. ఇంజనీరుకి చలిజలుబే, చెమట చుక్క లేదు. దానికి వాళ్లు వాడేది మాహువాంగ్ అనే ఎండుకాడ. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయి అందులోంచే ఎఫెడ్రిన్ తీశాడు. గుండె దడదడలాడిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. మనుషులు చచ్చిపోతున్నారని 2004లో అమెరికా అది కలిపిన బలం మాత్రల్ని నిషేధించింది. కొట్టు పెద్దాయన నాడి రెండు చేతులా పట్టి చూశాడు, బీపీ ఉందా అని అడిగించాడు. ఉందన్నాడు మావాడు. సొరుగు మూసేశాడు ముసలాయన. ఎంత బతిమాలినా ఇవ్వలేదు, డబ్బు పుచ్చుకోలేదు. సందు చివర ముల్లంగి అమ్ముతున్నారు, కొనుక్కుని చారు కాచుకో, గుండెల్లో పట్టేసినట్టుంటే ఆసుపత్రికి పో అన్నాడు. సెకండ్ ఇంజనీరు ఓడదాకా రెండు ముల్లంగులు చంకలో పెట్టుకుని తిట్టుకుంటూ నడిచాడు.