అందానికి కొలత ఎవరు పెట్టారు? మోడళ్లు, డిజైనర్లు, మారుతున్న అభిరుచులు

ఫోన్‌లో మోడళ్ల ఫొటోలు చూసి "నేనిలా లేనే" అని దిగులుపడే ఆడపిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. ఆ ఫొటోల వెనుక ఉన్న అందం కొలత ఎన్నిసార్లు మారిందో తెలిస్తే ఆ దిగులు కొంత తగ్గుతుంది.

మొదలైంది ఇలా

19వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే డిజైనర్ తాను తయారుచేసిన దుస్తులను భార్య మేరీ వెర్నేకు తొడిగి కొనేవారికి చూపించేవారు. ఆమెనే తొలి మోడల్‌గా చెబుతారు. తర్వాత మోడల్ అంటే బట్టలు చూపించే మనిషి మాత్రమే కాదు, డిజైనర్‌కు కొత్త ఆలోచన ఇచ్చే మనిషి కూడా అయింది. సినీ నటి ఆడ్రీ హెప్‌బర్న్ రూపాన్ని దృష్టిలో పెట్టుకుని జివాన్షీ దశాబ్దాల పాటు దుస్తులు తయారుచేశారు.

20 ఏళ్లలో తలకిందులు

1947లో డియోర్ సన్నని నడుము, వెడల్పాటి గౌన్లతో నిండైన రూపానికి పేరు తెచ్చారు. 1966లో లండన్‌కు చెందిన 16 ఏళ్ల ట్విగ్గీ వచ్చింది. పొట్టి జుట్టు, పుల్లలాంటి ఒళ్లు. అంతే, అదే అందమైపోయింది. 1990లలో బక్కపలచదనం మరీ ఎక్కువైంది. చివరికి ప్రభుత్వాలే కలగజేసుకోవాల్సి వచ్చింది. 2006లో మాడ్రిడ్ ఫ్యాషన్ వీక్‌లో, ఎత్తుకు తగ్గ బరువు చూపే బీఎంఐ 18 కంటే తక్కువ ఉన్నవారిని ర్యాంప్ ఎక్కనివ్వలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి మోడళ్లకు డాక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రకటనల్లో మోడల్ ఒళ్లు సన్నగానో లావుగానో కనిపించేలా ఫొటో మారిస్తే ఆ సంగతి రాయాలి.

రంగు మాట

సోమాలియాలో పుట్టిన ఇమాన్ 1975లో న్యూయార్క్ వెళ్లారు. ఈవ్ సాన్ లోరాన్ ఒక కలెక్షన్‌నే ఆమె ప్రేరణతో రూపొందించారు. అయితే మేకప్ చేసేవారి దగ్గర ఆమె చర్మానికి సరిపోయే రంగే ఉండేది కాదు. తన రంగు తానే కలుపుకుని, 1994లో నల్లని చర్మానికి తగిన కాస్మెటిక్స్ కంపెనీ పెట్టారు. మన దేశంలో "ఫెయిర్ అండ్ లవ్లీ" తన పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది 2020లో. సంబంధాలు చూసేటప్పుడు "పిల్ల తెల్లగా ఉందా?" అనే ప్రశ్న మాత్రం ఇంకా పోలేదు.

హిజాబ్‌తో ర్యాంప్ మీదకు

కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పుట్టిన హలీమా ఆడెన్ 2016లో అమెరికాలో మిస్ మిన్నెసోటా పోటీలో హిజాబ్‌తో పాల్గొన్నారు. ఆ తర్వాత పెద్ద ఫ్యాషన్ షోలు, వోగ్ ముఖచిత్రాలు వచ్చాయి. తమలాంటి అమ్మాయిని అక్కడ చూసి ఎంతోమంది ముస్లిం ఆడపిల్లలు సంతోషించారు. కానీ పని పెరిగేకొద్దీ స్టైలిస్టులు ఆమె హిజాబ్‌ను తమకు నచ్చినట్టు మార్చేశారు. తన నమ్మకంతో రాజీ పడుతున్నానని చెప్పి 2020 నవంబర్‌లో ఆమె ర్యాంప్ వదిలేశారు.

ఇమాన్‌ను, హలీమాను పిలిచింది ఆ రంగమే. వాళ్ల రంగుకు, హిజాబ్‌కు సరైన చోటు ఇవ్వనిదీ అదే. కాబట్టి పిల్లలకు ఫొటో చూపించి "ఇలా ఉండాలి" అనకండి. వెలుతురు, మేకప్, కంప్యూటర్ కలిసి ఆ ఫొటో ఎలా తయారైందో వివరించండి. భోజనం మానేసి బక్కచిక్కుతుంటే మందలించకుండా డాక్టర్‌కు చూపించండి. దర్జీ మనిషిని కొలిచి బట్ట కత్తిరిస్తాడు. బట్టకు సరిపోయేలా మనిషిని కత్తిరించడు కదా!