ఒక్క ఓటుతో నెగ్గిన చట్టం

1970 వ సంవత్సరం ఏప్రిల్ 9 వ తేదీన, న్యూయార్కు రాష్ట్ర రాజధానియైన ఆల్బనీ నగరంలో ఆ రాష్ట్ర శాసనసభ ఒక బిల్లును ఓటుకు పెట్టినది. తల్లి ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు తప్ప గర్భస్రావం చేయడం ఆ రాష్ట్రంలో అప్పటికి నేరం. ఆ నిషేధం పందొమ్మిదవ శతాబ్ది నాటిది. గర్భం ధరించిన 24 వారాలలోపల స్త్రీయు, ఆమె వైద్యుడును కలిసి చేసిన నిర్ణయానికి చట్టం అడ్డు రాగూడదన్నది బిల్లు సారాంశం. సెనేటు అంతకు ముందే దానిని ఆమోదించినది. దిగువ సభలోని సభ్యులు 150 మంది. బిల్లు నెగ్గడానికి 76 ఓట్లు కావలె. పేర్లు పిలిచి లెక్కించగా అనుకూలంగా 74, ప్రతికూలంగా 74 వచ్చినవి. బిల్లు ఓడినట్లే అని అందరూ అనుకొన్నారు.

ఆ క్షణంలో జార్జి మైకేల్స్ అనే సభ్యుడు లేచినాడు. ఆయన డెమొక్రాటిక్ పార్టీవాడు. ఆబర్న్ పట్టణప్రాంతం నుంచి ఎన్నికైనవాడు. ఆయన నియోజకవర్గంలో రోమన్ కాథలిక్కులు హెచ్చు. తనకు స్వయంగా బిల్లుపై సానుభూతి ఉన్నా, తన ప్రజల అభిమతాన్ని మన్నించి వ్యతిరేకంగా ఓటు చేస్తూ వచ్చినాడు. ఆ దినం వణకుచున్న చేతులతో మైకు అందుకొని, ఈ బిల్లు తన ఓటు వల్లనే ఓడిపోవడాన్ని తన అంతరాత్మ ఒప్పుకోదనీ, అట్లా కానీయవద్దని తన కుమారుడు వేడుకొన్నాడనీ, ఈ పనితో తన రాజకీయ జీవితం ముగిసిపోతుందని తాను ఎరుగుదుననీ చెప్పి, ఓటు మార్చినాడు. సభాపతి పెరీ డ్యూరియా తన ఓటుకూడ వేయగా లెక్క 76 అయినది.

ఆయన జోస్యం తప్పలేదు. స్థానిక పార్టీవారు ఆయనను మరల నిలుపడానికి నిరాకరించినారు. జూన్‌లో జరిగిన ప్రాథమిక ఎన్నికలో ఓడినాడు. నవంబరులో మరొక చిన్న పార్టీ పక్షాన నిలిచి మళ్లీ ఓడినాడు. ఇక శాసనసభకు తిరిగి రాలేదు.

ఈ ఉదంతంలో నేటి పాఠకుని ఆశ్చర్యపరచే విషయం ఒకటున్నది. ఆ బిల్లును ముందుకు తెచ్చిన కాన్‌స్టాన్స్ కుక్ రిపబ్లికన్ పార్టీ సభ్యురాలు. దానిపై సంతకం చేసిన గవర్నరు నెల్సన్ రాక్‌ఫెల్లర్ రిపబ్లికన్. మూడేండ్లకు ముందు, 1967 లో, ఇటువంటి చట్టాలను మొట్టమొదట సడలించిన కొలరాడో గవర్నరు జాన్ లవ్ రిపబ్లికన్. అదే సంవత్సరం కాలిఫోర్నియాలో సంతకం చేసినవాడు, సాక్షాత్తు రొనాల్డ్ రీగన్! 1971 లో దక్షిణ రాష్ట్రాల బాప్టిస్టుల మహాసభ కూడ, కొన్ని పరిస్థితులలో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాలు రావలెనని తీర్మానించినది. గట్టిగా ఎదిరించినవారు కాథలిక్కులు. వారిలో అధిక సంఖ్యాకులు ఆనాడు డెమొక్రాట్లు. అప్పటికి ఈ ప్రశ్న పార్టీల గీతను అనుసరించి చీలలేదు.

అది మొదట వైద్యుల ప్రశ్నగా వచ్చినది. 1961, 62 సంవత్సరాలలో థాలిడోమైడ్ అనే మందు గర్భస్థ శిశువులకు చేసిన హాని లోకానికి తెలిసినది. 1964, 65 సంవత్సరాలలో రుబెల్లా అనే అంటువ్యాధి అమెరికాలో ప్రబలి, వేలాది శిశువులు అంగవైకల్యంతో పుట్టినారు. ఆస్పత్రులలో వైద్యులు చట్టానికీ, రోగికీ నడుమ నలిగిపోయినారు. అమెరికాలో నేరచట్టం ప్రధానంగా ఆయా రాష్ట్రాల అధికారంలోనిది గనుక, సంస్కరణ కోరినవారు ఒక్కొక్క రాష్ట్రపు తలుపు తట్టవలసి వచ్చినది. తలుపు తట్టడమంటే శాసనసభ్యుణ్ణి తట్టడమే. శాసనసభ్యునికి ఎన్నిక ఉన్నది.

న్యూయార్కు చట్టం 1970 జూలై 1 నుంచి అమలులోకి వచ్చినది. ఆ రాష్ట్రపు నివాసియై ఉండవలెనన్న నిబంధన లేనందువల్ల, నలుమూలలనుంచి స్త్రీలు అక్కడికి ప్రయాణమైనారు. ప్రత్యర్థులు ఊరకుండలేదు. 1972 లో అదే శాసనసభ ఆ చట్టాన్ని రద్దు చేస్తూ ఓటు చేసినది! ఆ రద్దును సమర్థిస్తూ అధ్యక్షుడు నిక్సన్ న్యూయార్కు కార్డినల్ కుక్‌గారికి వ్రాసిన లేఖ పత్రికల కెక్కినది. రూజ్‌వెల్ట్ కాలంనుంచి డెమొక్రాట్లను నమ్ముకొనియున్న కాథలిక్ ఓటర్లను తనవైపు త్రిప్పుకొనడం నిక్సన్ ఆలోచన. తన పార్టీకే చెందిన అధ్యక్షుని మాటను త్రోసిపుచ్చి రాక్‌ఫెల్లర్ రద్దు బిల్లును వీటో చేసినాడు. ఆ నవంబరులోనే మిషిగన్, ఉత్తర డకోటా రాష్ట్రాల ఓటర్లు సడలింపు ప్రతిపాదనలను పెద్ద మెజారిటీతో తిరస్కరించినారు.

ఇవన్నీ సుప్రీంకోర్టు నోరు విప్పకముందు జరిగిన సంగతులు. ఈ కలహాన్ని న్యాయమూర్తులే సృష్టించినారని వాదించేవారు చరిత్రను సగమే చదివినారని నా అభిప్రాయం. న్యాయమూర్తులు దానిని దేశవ్యాప్తం చేసిన మాట నిజం.

రో–వేడ్ వ్యాజ్యంలో తీర్పు 1973 జనవరి 22 న వెలువడినది. ఆ దినమే మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మరణించడంతో, మరునాటి పత్రికలలో పెద్ద శీర్షిక ఆయనకే దక్కినది. ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు. ఆ ఏడుగురిలో అయిదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారు. తీర్పు వ్రాసిన బ్లాక్‌మన్ నిక్సన్ నియామకమే. భిన్నాభిప్రాయం తెలిపిన ఇద్దరిలో వైట్ అనే ఆయన కెనడీ నియమించినవాడు.

తీర్పుతో రాష్ట్రాల చట్టాలు చాలవరకు చెల్లకుండా పోయినవి. నిషేధవాదులకు రెండే మార్గాలు మిగిలినవి: రాజ్యాంగాన్ని సవరించడం, లేదా న్యాయమూర్తులను మార్చడం. 1976 లో రిపబ్లికన్ పార్టీ తన ఎన్నికల ప్రణాళికలో మొదటిమార్గాన్ని సమర్థించినది. అయితే పార్టీలో భిన్నాభిప్రాయాలున్నవని ఆ ప్రణాళికయే ఒప్పుకొన్నది. ఆ పార్టీ అభ్యర్థి ఫోర్డు భార్య బెట్టీ ఫోర్డు తీర్పును బాహాటంగా మెచ్చుకొన్న మనిషి మరి! 1980 నాటి ప్రణాళిక రెండవ మార్గాన్నికూడ పట్టుకొన్నది. ఎటువంటి అభిప్రాయాలుగల న్యాయమూర్తులు కావలెనో చెప్పినది. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి యావజ్జీవం. నాటినుంచి అధ్యక్షుని ఎన్నిక ఒకవిధంగా న్యాయమూర్తుల ఎన్నికకూడ అయినది.

ఈ మలుపునకు ముందు అయోవా రాష్ట్రంలో జరిగిన ఒక చిన్న పోరాటాన్ని చెప్పుకొనవలె. 1978 లో అక్కడ సెనేటరు డిక్ క్లార్కు సులభంగా గెలుస్తాడని సర్వేలు చెప్పినవి. ఎన్నికకు ముందటి ఆదివారం, ప్రార్థనలు ముగిసి జనం బయటికి వచ్చేసరికి, చర్చిల ముందు నిలిపిన కారులపై ఆయనకు వ్యతిరేకంగా కరపత్రాలున్నవి. మంగళవారం ఆయన ఓడినాడు. ఆ ఓటమికి ఇతర కారణాలుకూడ ఉండవచ్చును. కాని రాజకీయ నిర్వాహకులు నేర్చుకొన్న పాఠం మాత్రం ఆ కరపత్రాలదే. మరుసటి సంవత్సరం జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు మతాచార్యుడు మోరల్ మెజారిటీ సంస్థను స్థాపించినాడు.

ఆపైన నాయకులు ఒక్కరొక్కరే పక్షం సర్దుకొన్నారు. రీగన్ తన పాత సంతకానికి పశ్చాత్తాపపడినాడు. కుటుంబ నియంత్రణకు మిత్రుడైన పెద్ద బుష్ ఉపాధ్యక్ష పదవితోపాటు రీగన్ వైఖరినికూడ స్వీకరించినాడు. ఎదుటిపక్షంలో, 1971 లో గర్భస్రావాన్ని నిరసిస్తూ ఉత్తరం వ్రాసిన ఎడ్వర్డ్ కెనడీ, తరువాత ఆ హక్కుకు ప్రధాన సమర్థకుడైనాడు. ఇందులో ఎంత హృదయ పరివర్తనమో, ఎంత లెక్కయో విడదీసి చెప్పడం కష్టం. మైకేల్స్ విషయంలో ఆ చిక్కు లేదు.

2016 లో డొనాల్డ్ ట్రంప్ తాను నియమించబోయే న్యాయమూర్తులను గురించి ముందుగానే మాట ఇచ్చి గెలిచినాడు, ముగ్గురిని నియమించినాడు. 2022 జూన్ 24 న డాబ్స్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1973 నాటి తీర్పును రద్దు చేసి, ప్రశ్నను తిరిగి రాష్ట్రాలకు అప్పగించినది. అర్ధశతాబ్ది శ్రమ ఫలించినదని ఒక పక్షం సంతోషించినది. కాని ఆరువారాలైనా గడవకముందే, ఆగస్టు 2 న, రిపబ్లికన్లకు కంచుకోటయైన కాన్సాస్‌లో, రాష్ట్ర రాజ్యాంగంనుంచి ఆ హక్కును తొలగించే సవరణను సుమారు నూటికి 59 మంది ఓటర్లు త్రోసిపుచ్చినారు. ఒహాయోలో 2023 లో హక్కు పక్షమే గెలిచినది.

2024 నవంబరులో పది రాష్ట్రాలలో ఈ ప్రశ్న ఓటర్ల ముందుకు వచ్చినది. ఏడింట హక్కు పక్షం నెగ్గినది. ఫ్లోరిడాలో నూటికి 57 మంది సమ్మతించినా, అక్కడి నియమం ప్రకారం 60 కావలసి ఉన్నందున వీగిపోయినది. అన్నిటికన్న విచిత్రమైనది మిస్సోరీ ఫలితం. అక్కడి ఓటర్లు ఒకే దినం, ఒకే బ్యాలెట్ కాగితంపై, ట్రంప్‌ను గొప్ప మెజారిటీతో గెలిపించినారు. గర్భస్రావపు హక్కును తమ రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణనుకూడ కొద్ది మెజారిటీతో గెలిపించినారు. రెండింటికీ గుర్తుపెట్టిన ఆ ఓటరును ఏ ఖాతాలో వ్రాసుకొనవలెనో రెండు పార్టీల గుమాస్తాలకూ తోచలేదు.