సొరంగంలో యంత్ర నిర్వహణ: శ్రీశైలం ఎడమగట్టు కాలువ అనుభవం

నీటిపారుదల చరిత్రలు శంకుస్థాపనలను నమోదు చేసినంత శ్రద్ధగా యంత్రాల మరమ్మతులను నమోదు చేయవు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట ప్రధానంగా కూలీల శ్రమతో లేచింది. ఒక పనిముట్టు పాడైనంత మాత్రాన పని ఆగేది కాదు. నల్లగొండకు కృష్ణాజలాలు తేవలసిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో ఆ వెసులుబాటు లేదు. దాదాపు 44 కిలోమీటర్ల ఈ సొరంగం అమ్రాబాద్ అభయారణ్యం కిందుగా సాగుతుంది. అందువల్ల నడుమ ప్రవేశమార్గాలు లేకుండా, రెండు కొసల నుంచి రెండు యంత్రాలతో తవ్వకం చేపట్టారు. కఠినశిలను తొలిచే కట్టర్లు అరిగితే, వాటిని మార్చేందుకు తవ్వకం ఆపాలి. భారీ విడిభాగాలు సొరంగ ముఖద్వారం నుంచే లోపలికి చేరాలి. 2025 ఫిబ్రవరి 22న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని దోమలపెంట వద్ద, సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకున్నారు. రక్షణ బృందాలకూ మిగిలింది ఆ ఒక్క దారే. కనుక యంత్ర నిర్వహణ చరిత్రను శ్రామికుల భద్రతా చరిత్రతో కలిపి అధ్యయనం చేయవలసి ఉంది.