విరిగిన ఫోర్కుకు జవాబు చెప్పేదెవరు?



సింధనూరు తాలూకాలో కాలువ కింద ఉన్న ఒక క్యాంపు నుంచి మా బడికి సైకిలు మీద వచ్చే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉంది. ఆ సైకిలు కొనిపెట్టింది మేనమామ. కొన్న నాలుగో నెలలో, కాలువ గట్టు మీద, ఎదురుగా బండి గానీ గేదె గానీ లేని చోట, ముందు ఫోర్కు పుటుక్కున విరిగింది. పిల్ల బోర్లా పడింది. మెడ కింది ఎముక విరిగింది, ముందుపళ్ళు రెండు పోయాయి. ఆసుపత్రి ఖర్చులన్నీ అయ్యాక తండ్రి నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, ఎమ్.వి.సి. కేసు వేస్తే ఏమైనా వస్తుందంటారా?" అని అడిగాడు.

ఎమ్.వి.సి. అనే మాట తెలియనివారు మన రాయచూరు జిల్లాలో లేరు. లారీ గుద్దినా, ట్రాక్టరు బోల్తాపడినా ట్రిబ్యునల్లో ఆ కేసు వేస్తారు, బీమా కంపెనీ డబ్బు కడుతుంది. కానీ సైకిలు మోటారు వాహనం కాదు. దానికి మోటారు బండిలాగా తప్పనిసరి బీమా లేదు. మోటారు బండి ప్రమేయమే లేని చోట ఆ ట్రిబ్యునల్ తలుపు మనకు తెరుచుకోదు. మరి ఎవరిని అడగాలి? అమ్మిన కొట్టువాడినా, తయారుచేసిన కంపెనీనా? డబ్బిచ్చింది మేనమామ, దెబ్బ తగిలింది పిల్లకు. కొనని పిల్లకు అడిగే హక్కు ఉందా?

ఈ ప్రశ్న మన కాలువ గట్టు మీద పుట్టింది కాదండీ. దీని వెనుక నూట ఎనభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర కూడా విరిగిన బండ్లతోనే మొదలైంది.

ఇంగ్లండులో టపా మోసే గుర్రపు బండ్లు తిరిగే కాలం. బండ్లను సమకూర్చి మంచి స్థితిలో ఉంచుతానని రైట్ అనే ఆయన టపా శాఖతో ఒప్పందం చేసుకున్నాడు. ఆ బండి తోలేవాడు వింటర్‌బాటమ్. అతనికి జీతమిచ్చేది మరో గుత్తేదారు. ఒకనాడు దారిలో బండి విరిగి కూలింది. వింటర్‌బాటమ్ కింద పడి కుంటివాడయ్యాడు. బండిని సరిగా ఉంచని రైట్ మీద దావా వేశాడు. 1842లో తీర్పు వచ్చింది. నీకూ రైట్‌కూ మధ్య ఒప్పందం లేదు, కాబట్టి అడిగే హక్కు లేదు అన్నారు న్యాయమూర్తులు. ఇలాంటి దావాలు ఒప్పుకుంటే రోడ్డున పోయే ప్రతివాడూ కోర్టుకెక్కుతాడని ప్రధాన న్యాయమూర్తి లార్డ్ ఆబింజర్ భయం. కాలు పోయినవాడి భయం సంగతి ఆ తీర్పులో కనిపించదు.

డెబ్బయి నాలుగేళ్ళు గడిచాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో మాక్‌ఫర్సన్ అనే ఆయన ఒక దుకాణంలో బ్యూక్ కారు కొన్నాడు. చక్రాలకు మన ఎడ్లబండికి ఉన్నట్టే చెక్క ఆకులు. కారు నడుస్తుండగా ఒక చక్రం ఆకులు పొడిపొడి అయ్యాయి. ఆయన కిందపడ్డాడు. కంపెనీ రెండు జవాబులు చెప్పింది. కారు మేము నీకు అమ్మలేదు, దుకాణదారుకు అమ్మాం అన్నది ఒకటి. చక్రం మేము చేయలేదు, ఇంకొకరి దగ్గర కొన్నాం అన్నది రెండోది. ఈ జవాబులు మీకెక్కడో విన్నట్టు లేవూ? 1916లో న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఆ రెంటినీ ఒప్పుకోలేదు. సరిగా చేయకపోతే ప్రాణం మీదికి తెచ్చే వస్తువును అంగడిలోకి పంపేవాడు దాన్ని పరీక్షించి పంపాలి; కొన్నవాడికే కాదు, వాడేవాడికీ అతడు బాధ్యుడే అన్నారు.

బ్రిటన్‌లో ఇదే మాట 1932లో వచ్చింది. స్కాట్లండులోని పెయిస్లీ ఊళ్ళో డొనహ్యూ అనే ఆవిడకు స్నేహితురాలు అల్లం సోడా కొనిపెట్టింది. సీసాలో కుళ్ళిన నత్త ఉందని, అది తాగి జబ్బుపడ్డానని ఆవిడ తయారీదారు మీద దావా వేసింది. కొన్నది స్నేహితురాలు, తాగింది ఈవిడ. అయినా తయారీదారు జాగ్రత్త వహించవలసిందేనని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ఐదుగురిలో ముగ్గురు తీర్పిచ్చారు. తమాషా ఏమిటంటే తరవాత కేసు రాజీ అయింది, సీసాలో నత్త నిజంగా ఉందా లేదా అన్నది కోర్టులో తేలనే లేదు! ఆ నత్త పేరు చెప్పి లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠాలు చెబుతారు. మన దేశపు కోర్టులూ ఆ సూత్రాన్నే అనుసరించాయి.

అయితే ఈ తీర్పుల్లో తయారీదారు నిర్లక్ష్యాన్ని బాధితుడే రుజువు చేయాలి. ఎక్కడో వెయ్యి మైళ్ళ దూరంలో, ఏ కార్మికుడు ఏ పూట అతుకు సరిగా వేయలేదో క్యాంపులో కూర్చున్న రైతు ఎలా చూపించగలడు? 1963లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆ ముడి విప్పింది. గ్రీన్‌మన్ అనే ఆయనకు భార్య కొనిచ్చిన వడ్రంగి యంత్రంలో మరలు బలహీనంగా ఉండి, కొయ్యముక్క ఎగిరి నుదుటికి తగిలింది. వస్తువులో దోషం ఉండి దానివల్ల దెబ్బ తగిలితే తయారీదారే బాధ్యుడు, నిర్లక్ష్యం రుజువు చేయనక్కరలేదని కోర్టు చెప్పింది. చూడండి, ఇక్కడా కొన్నది ఒకరు, దెబ్బ ఇంకొకరికి.

ఇక మన సంగతి. నా చిన్నతనంలో గంటకింత అని అద్దె సైకిళ్ళు తీసుకునేవాళ్ళం. పెడలు ఊడి పడితే మోకాలి దెబ్బా మనదే, కొట్టువాడికి కట్టే జుర్మానా మనదే! పరిహారం అనే ఆలోచనే ఉండేది కాదు. కొన్న వస్తువు విషయంలో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ఉండేది గానీ, అది కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య మాట. పైగా సివిల్ కోర్టు, కోర్టు ఫీజు, వాయిదాలు. 1986 డిసెంబరు 24న ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం దారి కొంత సుగమం చేసింది. కొన్నవారి అనుమతితో వాడేవారిని కూడా వినియోగదారుగా లెక్కించింది. కానీ దెబ్బకు పరిహారం దగ్గరకు వచ్చేసరికి అదే పాత మాట, నిర్లక్ష్యం.

2019లో వచ్చి, 2020 జూలై 20 నుంచి అమలైన కొత్త చట్టంలో 82 నుంచి 87 వరకు ఉన్న సెక్షన్లు వస్తు బాధ్యత గురించినవి. తయారీలో దోషం, నమూనాలో దోషం, వాడే పద్ధతి సరిగా చెప్పకపోవడం, వీటిలో ఏది దెబ్బకు కారణమైనా తయారీదారు బాధ్యుడు. గాయం, మరణం, గాయంతో కలిగిన మనోవ్యథ, అన్నీ లెక్కలోకి వస్తాయి. సైకిలు ధర వాపసు సంగతి వేరు.

ఇందులో సైకిళ్ళకు సరిగ్గా అతికే మాట 86వ సెక్షన్‌లో ఉంది. సైకిలు మన ఊరికి భాగాలుగా వస్తుంది, కొట్లోనే బిగిస్తారు. బిగించడంలో, పరీక్షించడంలో తగిన జాగ్రత్త తీసుకోకపోతే అమ్మినవాడూ బాధ్యుడే. అలాగని అన్నీ మనవైపే లేవు. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవాడు తప్పుకోవచ్చు. వెనక ముగ్గురిని ఎక్కించుకుని, ఫోర్కును వెల్డింగ్ చేయించి, ఆ తరవాత విరిగిందంటే ఎవరు వింటారు?

కర్ణాటక ప్రభుత్వం 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచిత సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి సైకిలు విరిగితే? కొన్నవారు ప్రభుత్వం, వాడేది వారి అనుమతితో పిల్ల. పిల్ల కూడా వినియోగదారేనని వాదించడానికి చోటుందని నేననుకుంటాను. ఇది నా అభిప్రాయమే, తీర్పు కాదు.

సరిహద్దున ఉన్న మనకు ఇంకొక సంగతి ముఖ్యం. మనలో చాలామంది గద్వాలలోనో కర్నూలులోనో కొంటాం. పాత చట్టంలో ఎదుటివారి వ్యాపారం ఎక్కడో, వ్యాజ్యకారణం ఎక్కడ పుట్టిందో చూసి వెళ్ళవలసి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, అంటే రాయచూరు జిల్లా కమిషన్‌లోనే. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. మన వాదన మనమే చెప్పుకోవచ్చు. కన్నడంలో కాగితం రాయడానికి జంకేవారు జిల్లా న్యాయ సేవల ప్రాధికారానికి వెళ్ళవచ్చు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 1987 నాటి చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది. గడువు మాత్రం వ్యాజ్యకారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళు.

ఇదంతా ఆ తండ్రికి చెప్పి, విరిగిన ఫోర్కు ఏదీ అని అడిగాను. "పాత సామాను వాడికి వేసేశాను మాస్టారూ. కంటి ముందు ఉంటే పిల్ల ఏడుస్తోంది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. అవసరమైతే కమిషన్ ఆ ముక్కకు సీలు వేసి ప్రయోగశాలకు పంపిస్తుంది. లోపలి ఇనుములో పాత పగులు ఉందా, అతుకు సరిగా పడలేదా అన్నది విరిగిన అంచే చెబుతుంది. అది లేకపోతే గొయ్యి చూడకుండా తొక్కిందని ఎదుటివారు అంటే మనం ఏం చూపిస్తాం?

మర్నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మిగిలిన సైకిలు పశువుల కొట్టంలో గోడకు చేరేసి ఉంది. ఫోర్కు మెడ దగ్గర విరిగింది కదా, దాని పైముక్క హ్యాండిలు కింది గొట్టంలోనే ఉండిపోయింది. అంచు అప్పటికే కొంచెం తుప్పు పట్టింది. దాన్ని ఊడదీయకుండా, శుభ్రం చేయకుండా, ఫోటోలు తీయించి, సైకిలంతా గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టించాను. ఆసుపత్రి కాగితాలు ఒక సంచిలో వేసి పిల్ల తల్లికి ఇచ్చాను. కొన్న బిల్లు కోసం మేనమామకు కబురు పంపారు. గడువు తీరడానికి ఇంకా పదకొండు నెలలుంది.